బానెట్ మీద మిగిలిన బంక

మార్చి చివర్లో గోదావరిఖని నుంచి మా బావ ఫోన్ చేశాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎర్ర కారు కొన్నాడట. పాత ఓనరు తన ఇద్దరు పిల్లల పేర్లు బానెట్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రేడియం వేయించుకున్నాడు. బావ వాటిని గోళ్లతో గీకి గీకి పీకేశాడు. పైపొర ముక్కలు ముక్కలుగా ఊడింది. అడుగున ఉన్న బంక మాత్రం అక్షరాల ఆకారంలోనే ఉండిపోయింది. దాని మీద సందు దొరికిన చోటల్లా బొగ్గుదుమ్ము పట్టి, తెల్లారేసరికి ఆ పేర్లు ఎర్ర రంగు మీద నల్లగా ఇంకా బాగా కనపడుతున్నాయి.

"గమ్ పోతలేదు బావా. గ్యాస్ నూనె పెట్టాల్నా, పెట్రోల్ పెట్టాల్నా?"

"ముందుగాల ఏదీ పెట్టకు. బండి కడిగినవా?"

"తుడిచిన."

"తుడుసుడు కాదు, కడుగుడు."

అవతల కాసేపు చప్పుడు లేదు. బంక గురించి అడిగితే నీళ్ల గురించి చెబుతున్నాడేంటని అనుకుని ఉంటాడు. కానీ బంక వల్ల రంగు పాడైన బండ్లు నేను పెద్దగా చూడలేదు. బంకను తీయబోయి పాడుచేసుకున్న బండ్లను మాత్రం కరీంనగర్‌లో ఏ సర్వీసింగ్ సెంటర్ ముందు నిలబడినా చూడవచ్చు.

మన వైపు బండ్ల మీద స్టిక్కర్లకు కరువు లేదు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు నంబర్ ప్లేటు మీది ఏపీ అక్షరాలను కప్పేస్తూ టీజీ అని అతికించుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది, కోడ్ టీఎస్ అయింది. ఆదిలాబాద్‌కు 01, కరీంనగర్‌కు 02 వచ్చాయి. అంతకుముందు కరీంనగర్ బండి అంటే ఏపీ 15. తర్వాత 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ సిరీస్ మొదలైంది. పాత టీఎస్ బండ్లు అలాగే చెల్లుతాయి, మార్చుకోవాల్సిన అవసరం లేదు. అయినా మోజు కొద్దీ ఎస్ మీద జీ అతికించిన ప్లేట్లు కనపడుతూనే ఉన్నాయి. ఇక కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న, మేడారం సమ్మక్క సారలమ్మ, సంఘాల పేర్లు, సినిమా హీరోలు, బండి అమ్మిన షోరూం వాళ్ల పేరు, పిల్లల పేర్లు, అన్నీ బండి మీదికే ఎక్కుతాయి. అతికించేటప్పుడు ఎవరూ తీసే రోజు గురించి ఆలోచించరు. బండి అమ్మేటప్పుడో, కొన్నప్పుడో, అభిమానం మారినప్పుడో ఆ రోజు వస్తుంది.

మనం రేడియం అనే మాటలో ఒక తమాషా ఉంది. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిన రేడియంకూ ఈ స్టిక్కర్లకూ చుట్టరికం పేరు వరకే. ఒకప్పుడు గడియారం ముళ్లు చీకట్లో మెరవడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. ఆ మెరుపు గుర్తుతో మెరిసేదల్లా మనకు రేడియం అయింది. లారీ వెనక మెరిసే పట్టీలో ఉండేవి వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపే సన్నటి గాజుపూసలో, పట్టకాల్లాంటి గీతలో. మామూలు స్టిక్కర్‌లో అవీ ఉండవు, ఉండేది వినైల్ అనే ప్లాస్టిక్ పొర, దాని అడుగున బంక. రేడియం షాపు అని బోర్డు పెట్టిన చోట అమ్మేది ఇదే.

ఇప్పుడు ఆ బంక కింద ఉన్న రంగు సంగతి. ఫ్యాక్టరీలో కారుకు రంగు ఒక్క పూత కాదు. రేకు తుప్పు పట్టకుండా కరెంటు పెట్టిన రంగుతొట్టిలో ముంచి వేసే పొర అన్నిటికన్నా కింద ఉంటుంది. దాని మీద ప్రైమర్, ఆపైన మనం చూసే అసలు రంగు, అన్నిటికీ మీద రంగు లేని మెరుపు పొర, అంటే క్లియర్ కోట్. ఇన్ని పొరలూ కలిపితే మందం దాదాపు 100 నుంచి 140 మైక్రాన్లు. జిరాక్స్ కాగితం ఒక్కటి చేతిలోకి తీసుకోండి. అది దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. లక్షలు పోసి కొన్న కారుకు ఎండ, వాన, దుమ్ము తగలకుండా కాపాడేది ఆ కాగితమంత కవచం. అందులో మెరుపునిచ్చే పైపొర సగం కూడా ఉండదు. గీత ఆ పైపొరలోనే ఆగితే పాలిష్‌తో పోతుంది. అది దాటి రంగు దాకా దిగితే మళ్లీ పెయింటరే గతి.

ఆ పైపొరకు గట్టితనం కూడా ఉంది. ఫ్యాక్టరీలో దాన్ని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పచ్చి కుండ నీళ్లలో కరుగుతుంది, ఆవంలో కాలిన కుండ కరగదు. ఇదీ అంతే. లోపలి అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టిపడతాయి కాబట్టి కాసేపు నూనె తగిలినా, కిరసనాయిలు తగిలినా దానికేమీ కాదు. దానికి రసాయనాల కన్నా రాపిడి అంటేనే భయం. మన జనం సరిగ్గా తలకిందులుగా నమ్ముతారు. నూనె రాస్తే రంగు పోతుందేమోనని జంకి, పీచు పెట్టి రుద్దుతారు.

ఆ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కింద నా నల్ల బైకు ట్యాంకు మీది ఒక స్టిక్కర్ బంకను, ఇంట్లో గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో, సర్ఫ్ నీళ్లతో రుద్దాను. బంక పది నిమిషాల్లో పోయింది. ఎంత హాయనిపించిందో! తడి ఆరాక చూస్తే ట్యాంకు మీద అరచేతి వెడల్పున బూడిద రంగు మచ్చ. ఆ పీచులో గరుకు రేణువులు అతికించి ఉంటాయి, మాడిన గిన్నెను గీకేవి అవే. మాడును గీకే వస్తువుకు మెరుపు పొర ఎంత? బండి అమ్మేదాకా ఆ మచ్చ నన్ను వెక్కిరించింది.

బావను ముందు కడగమన్నది కూడా ఇందుకే. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు. ఇక్కడి టాన్ బ్రౌన్ రాయి విదేశాలకు పోతుంది, దుమ్ము మాత్రం మన బండ్ల మీదికి వస్తుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. అది గాజును గీకుతుంది, మామూలు ఇనుమును గీకుతుంది. గోదావరిఖనిలో బొగ్గుపొడి, రామగుండంలో థర్మల్ కేంద్రం బూడిద, మంచిర్యాల, బసంత్‌నగర్ వైపు సిమెంట్ దుమ్ము. వీటి మీద పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డే గరుకు కాగితమవుతుంది. ఆపైన బంక ఈ దుమ్మునంతా పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి ముందు ధారగా నీళ్లు పోసి, షాంపూ నురగతో మెత్తగా కడిగి, ఆరనిచ్చిన తర్వాతే బంక జోలికి పోవాలి. సగం గీతలు ఇక్కడే తప్పిపోతాయి.

ఇక బంక. దీని పుట్టుకలోనే కారు రంగు గొడవ ఉంది, తెలిస్తే నవ్వొస్తుంది. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు వచ్చింది. ఒక రంగు వేశాక దాన్ని కాగితంతో కప్పి రెండో రంగు కొట్టాలి. పెయింటర్లు ఆ కాగితాన్ని ఆసుపత్రిలో గాయాలకు వేసే పట్టీలతో అతికించేవారు. పీకినప్పుడు కొత్త రంగు కూడా లేచొచ్చేది. గరుకు కాగితం నమూనాలు పట్టుకుని పెయింట్ షాపులకు తిరుగుతున్న త్రీఎమ్ కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ చెవిన వాళ్ల తిట్లు పడ్డాయి. రంగుకు హాని లేకుండా ఊడొచ్చే టేపు చేస్తానని పట్టుబట్టి, 1925లో మాస్కింగ్ టేపు తెచ్చాడు. అంటే కారు రంగు మీది నుంచి బంకను క్షేమంగా ఎలా తీయాలన్న ప్రశ్నకు నూరేళ్లు. బంక ముందే పూసి ఉన్న లేబుళ్లను 1935లో స్టాంటన్ ఏవరీ వ్యాపారంగా మార్చాడు. మన స్టిక్కర్లు ఆ లేబుళ్లకు మనవలు.

స్టిక్కర్ బంక ఆరి గట్టిపడే రకం కాదు. ఎప్పటికీ తడి ఆరని, పారీపారని ముద్ద అది. నొక్కితే సందుల్లోకి పాకి పట్టుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు దానికి రంగు మీద కన్నా తన వినైల్ మీదే మమకారం ఎక్కువ, అందుకే అతికించిన నెలలోపు పీకితే మొత్తం ఊడొస్తుంది. ఏళ్లు గడిస్తే ఎండకు వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం కొంత ఆవిరై పోతుంది, కొంత బంకలోకి దిగుతుంది. వినైల్ అప్పడంలా పెళుసవుతుంది. చవక రకాలు కుంచించుకుపోతాయి కూడా. పాత స్టిక్కర్ అంచు చుట్టూ సన్నటి నల్ల గీత చూసే ఉంటారు, స్టిక్కర్ వెనక్కి జరిగిన మేర బయటపడ్డ బంకకు దుమ్ము అంటుకుని అయిందే ఆ గీత. పెళుసైన వినైల్ గోటికి తునకలవుతుంది, బంక రంగునే పట్టుకుని ఉంటుంది. మా బావ బానెట్ కథ అదే.

బంకలన్నీ ఒక్క జాతి కావు. ఇది తెలియక నూనెలు వృథా చేసేవాళ్లు ఎక్కువ. వేప చెట్టు కింద బండి పెడితే పడే బంక, తుమ్మ బంక, పోస్టర్లు అతికించే మైదా లై, ఇవన్నీ నీళ్ల జాతి. వీటికి ఎంత పల్లి నూనె రాసినా చలించవు. తడిగుడ్డ పరిచి అరగంట ఆగితే ఉబ్బి జారిపోతాయి. స్టిక్కర్ల బంక, డబల్ సైడ్ టేపు, కొత్త రోడ్డు మీద చిందే తారు నూనె జాతివి. వీటికి నీళ్లు పట్టవు. పనసకాయ కోసేవాళ్లు కత్తికీ చేతికీ ముందే నూనె రాసుకుంటారు కదా, సబ్బుతో పోని పాలు నూనెతో పోతాయని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. బండి మీద అతికిన ఫెవిక్విక్ లాంటిది మాత్రం ఏ జాతిలోనూ లేదు. అది కరగాలంటే అసిటోన్ కావాలి, అసిటోన్ రంగును కూడా చూస్తుంది. దాన్ని అనుభవమున్న డిటెయిలింగ్ వాళ్లకు వదిలేయడం మంచిది.

పైపొర ఇంకా ఉన్నప్పుడు మొదటి పనిముట్టు వేడి. తర్వాత బంకకు నూనె. ఈ రెండింటికీ వేళలు వేరు, మన వాతావరణంలో ఇది ముఖ్యం.

ఆదిలాబాద్‌లో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. ఆ పూట స్టిక్కర్ పీకబోతే వినైల్ గాజులా విరుగుతుంది. మే నెలలో రామగుండంలో 45 దాటుతుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన ముదురు రంగు రేకు 70 డిగ్రీల దరిదాపుల్లో కాలుతుంటుంది. అప్పుడు పీకితే బంక మరీ పలచనై రెండుగా చీలుతుంది, సగం స్టిక్కర్‌తో వస్తుంది, సగం రంగు మీదే తీగలు సాగుతుంది. చేయి పెడితే ఓర్చుకోగలిగినంత వెచ్చదనం చాలు. ఎండాకాలం పొద్దున తొమ్మిది గంటల ఎండ దానికి సరిపోతుంది. చలికాలమైతే వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాల పరిచి ఐదు నిమిషాలు ఆగాలి, లేదా తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌ను జానెడు దూరంలో కదుపుతూ పట్టాలి. డెంటింగ్ షాపుల్లో ఉండే హీట్ గన్ వేరు. అది 500 డిగ్రీల దాకా పోగలదు, ఒక్కచోట నాలుగు క్షణాలు ఆగితే రంగు పొక్కులు లేస్తుంది. అలవాటు లేని చేతికి అది వద్దు.

వెచ్చబడ్డాక ఒక మూల లేపాలి. బ్లేడు కాదు, పాత ఏటీఎం కార్డు అంచు. లేచిన మూలను పైకి లాగకుండా, వెనక్కి మడిచి బండి ఒంటికి ఆనించినట్టుగా, నెమ్మదిగా లాగాలి. పుండు మీది కట్టును ఎలా లాగితే నొప్పి తక్కువో అలాగ. గబాల్న లాగితే బంక తెగిపోవడమో, రంగు లేవడమో జరుగుతుంది. నిదానంగా లాగితే బంకకు పారే సమయం దొరికి వినైల్ వెంట వస్తుంది.

తర్వాత మిగిలిన బంకకు బండిని నీడకు తేవాలి. రేకు చల్లబడాలి. కాలే రేకు మీద ఏది రాసినా పని చేయకముందే ఆరిపోయి మరక కడుతుంది. ఏం రాయాలన్నదానికి నా జవాబు మా బావకు నచ్చలేదు: వంటింట్లో ఉన్న పల్లి నూనె, లేదా కొబ్బరి నూనె. "గింత పెద్ద కారుకు పల్లి నూననా!" అన్నాడు. బంక పొరల మధ్యకు దూరి వాటి పట్టు సడలించడమే కావాలి. ఆ పని వంటనూనె చేస్తుంది, ఆలస్యంగా చేస్తుంది, అంతే తేడా. అందుకే రాసి తుడవకూడదు. రాసి, పైన పాలిథిన్ కవరు పరిచి, అరగంట మరిచిపోవాలి. తర్వాత ఏటీఎం కార్డును ఏటవాలుగా పెట్టి నెడితే బంక పురుగుల్లా చుట్టుకుని వస్తుంది. రానిచోట బలం పెట్టకుండా మళ్లీ నూనె, మళ్లీ అరగంట. మూడు నాలుగు విడతలు పట్టవచ్చు. బొత్తాలు, కుట్లు లేని పాత బనీను గుడ్డయినా, మైక్రోఫైబర్ గుడ్డయినా సరే, ప్రతి తుడుపుకూ శుభ్రమైన మడత తిప్పాలి. ఊడిన బంకతో పాటు దుమ్మురేణువులు ఆ మడతలో ఉంటాయి మరి.

గ్యాస్ నూనె, అంటే కిరసనాయిలు, ఇదే పని ఇంకాస్త చురుగ్గా చేస్తుంది. టర్పెంటైన్ కూడా. కాల్చిన ఫ్యాక్టరీ రంగుకు కాసేపు తగిలితే నష్టం లేదు. డబ్ల్యూడీ-40 డబ్బా చాలామంది మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. 1953లో అమెరికాలోని సాన్ డియేగోలో, అట్లాస్ క్షిపణి ఒంటిని తేమ నుంచి కాపాడటానికి చేసిన ద్రవం అది, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని ఆ పేరు. బంక కోసం పుట్టకపోయినా అందులోని తేలికపాటి నూనెలు బంకలోకి బాగా దిగుతాయి.

పెట్రోల్ మాటకు వస్తే, పని చేస్తుంది, కానీ నేను వద్దంటాను. అది నిమిషంలో ఆవిరైపోతుంది, బంకలోకి దిగే తీరిక దానికుండదు. అప్పుడు మనం రుద్దుడు మొదలుపెడతాం. పైగా బండికి ఉన్న వ్యాక్స్‌ను కడిగేస్తుంది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కూడా ఉంటోంది. అన్నిటికన్నా పెద్ద సంగతి నిప్పు. పెట్రోల్ ఆవిరికి గడ్డకట్టే చలిలో కూడా నిప్పు అంటుకుంటుంది. కిరసనాయిలు క్షేమం అనుకుంటాం. ఆ ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీలు ఉండాలని మన ప్రమాణం. మంచిర్యాలలో మే మధ్యాహ్నం గాలే దానికి పది డిగ్రీలు పైన ఉంటుంది. అంటే మన ఎండాకాలంలో కిరసనాయిలు కూడా పెట్రోల్ వరసలోకి వస్తుంది. దగ్గర బీడీ, అగరొత్తి, వేడి ఇంజను ఉండకూడదు. తడిసిన గుడ్డల్ని డిక్కీలో కుక్కకూడదు.

థిన్నర్ జోలికి మాత్రం పోవద్దు. దీని వెనక ఒక ముఖ్యమైన సంగతి ఉంది: మీ బండి మీద ఉన్నది ఫ్యాక్టరీ రంగేనా? సెకండ్ హ్యాండ్ బండ్లలో చాలా వాటికి ఎక్కడో ఒకచోట సొట్ట తీసి, లప్పం పెట్టి, మళ్లీ రంగు కొట్టి ఉంటారు. షాపులో బండిని 140 డిగ్రీల్లో కాల్చడం కుదరదు, వైర్లూ ప్లాస్టిక్కూ కరిగిపోతాయి. కాబట్టి గట్టిపరిచే ద్రవం కలిపిన టూకే రంగు కొడతారు. బాగా ఆరితే అది కూడా గట్టిదే, కానీ కొట్టి నెల కూడా కాకపోతే దాని మీద ఏదీ రాయకూడదు. చవకగా కావాలన్న వాళ్లకు కొన్నిచోట్ల ఎన్సీ రంగు కొడతారు. ఇది నైట్రోసెల్యులోజ్ జాతి. 1920లలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో కార్లకు తెచ్చింది ఇదే. మన పెయింటర్లు ఇప్పటికీ డ్యూకో అంటారు, కంపెనీ పేరని తెలియకుండానే. ఎన్సీ రంగు పచ్చి కుండ లాంటిది. ఆరుతుంది కానీ కాలదు. థిన్నర్ తగిలిన క్షణంలో మళ్లీ కరిగిపోతుంది, బంకతో పాటు గుడ్డకు రంగు కూడా అంటుకుని వస్తుంది.

అందుకే ఏది రాయాలన్నా ముందు కనపడని చోట పరీక్ష. డోరు లోపలి అంచునో, బానెట్ కింది అంచునో దూదితో కొద్దిగా అద్ది రెండు నిమిషాలు ఆగి తుడవాలి. దూదికి రంగు వచ్చినా, ఆ చోటు మెత్తబడినా, మెరుపు తగ్గినా ఆ ద్రవాన్ని పక్కన పెట్టాలి. మళ్లీ రంగు కొట్టిన భాగమని అనుమానముంటే ఆ భాగంలోనే చేయాలి ఈ పరీక్ష. డోరుకు ఫ్యాక్టరీ రంగు, బానెట్‌కు షాపు రంగు ఉన్న బండ్లు బోలెడు. ఇంకో మాట, షాపు రంగు అడుగున పట్టు సరిగా లేకపోతే స్టిక్కర్ పీకినప్పుడు రంగే ఊడొస్తుంది. దానికి మనం చేయగలిగింది తక్కువ, ఇంకా నెమ్మదిగా లాగడం తప్ప.

ప్లాస్టిక్ భాగాలకు నియమం ఇంకా కఠినం. స్కూటర్ ఒళ్లు చాలావరకు ప్లాస్టిక్కే. బంపర్లు ప్లాస్టిక్. హెడ్‌లైట్ అద్దం అనుకునేది కూడా ఇప్పుడు అద్దం కాదు, పాలికార్బొనేట్. పెట్రోల్, థిన్నర్, అసిటోన్ తగిలితే వీటిలో కొన్ని మెత్తబడతాయి, కొన్ని కంటికి కనపడని పగుళ్లు ఇస్తాయి, రెండు నెలల తర్వాత ఆ పగుళ్లు బయటపడతాయి. వీటికి వంటనూనె, సబ్బునీళ్లు, ఓపిక. వేరే దారి లేదు.

బైకుల విషయంలో ఒక హెచ్చరిక. ట్యాంకు మీద కంపెనీ వేసిన గీతలూ బొమ్మలూ కొన్ని మోడళ్లలో మెరుపు పొర కింద ఉంటాయి, అతికించాక పైన లక్కర్ కొట్టినవి. గోటితో అంచు తడిమితే మెట్టు తగలకపోతే అది లోపల ఉన్నట్టే. దాన్ని తీయాలంటే ట్యాంకు మొత్తం రంగు గీకాల్సిందే. స్టిక్కర్ తీసి కొత్తగా చేస్తానని మొదలుపెట్టి ట్యాంకు రంగే పోగొట్టుకున్న కుర్రాళ్లను చూశాను.

నంబర్ ప్లేటు మీద అతికించిన టీజీలకు కూడా నూనె, సబ్బునీళ్లే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్ల మీద వెలుతురును తిప్పికొట్టే పొర, అక్షరాల మీద వేడితో అచ్చు వేసిన పొర ఉంటాయి, థిన్నర్ పెడితే ఆ అక్షరాలే చెరిగిపోతాయి. గాజు సంగతి సులువు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దన్నప్పుడు ఊళ్లన్నీ బ్లేళ్లు పట్టుకుని గీకాయి. తడిపి, ఏటవాలుగా పట్టుకుంటే గాజు మీద బ్లేడు పనికొస్తుంది. వెనక అద్దానికి లోపల సన్నటి ఎర్రని గీతలు ఉంటే మాత్రం వద్దు. అవి మంచు పోగొట్టే వేడి తీగలు, ఒక్కటి తెగితే ఆ వరస మొత్తం పోతుంది.

డోరు వైజర్లు, కంపెనీ గుర్తులు అతికించే మందపాటి నురగ టేపును పీకడం, తవ్వడం పనికిరాదు. నైలాన్ దారాన్ని టేపు వెనక పెట్టి రెండు చేతులా రంపంలా లాగాలి. లోయర్ మానేరు డ్యాం గట్టున గాలం వేసేవాళ్ల దగ్గరుండే దారం భేషుగ్గా పనిచేస్తుంది. నురగ మధ్యలో తెగిపోతుంది, రంగు మీద మిగిలిన ముద్దకు మళ్లీ నూనె వైద్యం.

బంక పూర్తిగా పోయిందో లేదో కంటికి తెలియదు. వేళ్లకు పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని మెల్లగా తడమండి. ఉత్త వేలికి నున్నగా అనిపించిన చోట సంచి వేలికి గరుకు తెలుస్తుంది. ఎందుకో కానీ సంచి తొడిగితే వేలికి తెలివి పెరుగుతుంది. అంతా పోయాక షాంపూ నీళ్లతో నూనె జిడ్డు కడిగేసి, ఆరాక ఒక పూత వ్యాక్స్ వేయాలి, మనం రాసిన నూనెతో పాత వ్యాక్స్ కూడా పోయి ఉంటుంది కాబట్టి.

మా బావ రెండు ఆదివారాలు కూర్చుని ఇదంతా చేశాడు. మూడో వారం నేను పోయి చూశాను. బానెట్ చేతికి అద్దంలా ఉంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేసరికి మాత్రం ఆ ఇద్దరు పిల్లల పేర్లూ మళ్లీ కనపడ్డాయి, ఈసారి మిగతా బానెట్ కన్నా ముదురు ఎరుపులో. బావ గుండెలో రాయి పడింది. "ఇంకా గమ్ ఉన్నదా ఏంది?"

అది గమ్ కాదు. స్టిక్కర్ కింద ఉన్న రంగుకు ఇన్నేళ్లు ఎండ తగల్లేదు. చుట్టూ ఉన్న రంగు తగిలి వెలిసింది. ఎరుపు రంగుల్లో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సన్నరకం పాలిష్ కాంపౌండ్‌తో చుట్టూ ఉన్న వెలిసిన పైపొరను కొద్దిగా తీస్తే తేడా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం. గట్టి రబ్బింగ్ కాంపౌండ్‌తో పట్టుబట్టి రుద్దితే ఆ కాగితం మందంలోంచే మనం ఖర్చు పెడుతున్నట్టు. ఒక్కసారి మెల్లగా పాలిష్ చేయించి మిగతాది ఎండకే వదిలేయమన్నాను. ఇప్పుడు కొత్తగా బయటపడ్డ చోటు కూడా రెండు మూడు వేసవుల్లో వెలిసి కలిసిపోతుంది.

బావ తల ఊపాడు. తర్వాతి మంగళవారం కొండగట్టు పోయి బండికి పూజ చేయించుకొచ్చాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, మామూలే. అంజన్న స్టిక్కర్ కూడా తెచ్చాడు. బానెట్ దగ్గర కాసేపు నిలబడి, పిల్లల పేర్ల వైపు ఒకసారి చూసి, దాన్ని తీసుకుపోయి వెనక అద్దానికి అతికించాడు. బయటివైపే.